నెట్ సెంటర్ వాడి బ్రౌజర్ పురాణం

ఇంటర్నెట్ బ్రౌజర్ల మీద నా అభిప్రాయాలు చెప్పమన్నారు. నేను ఇంజినీర్ని కాను. సికింద్రాబాద్ కార్ఖానాలో, మెయిన్ రోడ్డు వెనక సందులో నెట్ సెంటర్ పెట్టుకున్నవాణ్ని. ఇప్పుడు బోర్డు మీద ఆన్‌లైన్ సెంటర్ అని మార్చాం. జిరాక్స్, లామినేషన్, దరఖాస్తులు నింపిపెట్టడం, ఇదీ పని. మొదట్లో ప్లైవుడ్ అరలు, అరకో పరదా, అరకో కంప్యూటర్, గంటకు ఇరవై రూపాయలు. బ్రౌజర్లు తయారుచేసేవాళ్లు వేగం గురించీ భద్రత గురించీ చెబుతారు. నాకు తెలిసింది గిరాకీ. పేజీ తెరుచుకుంటే ఇరవై రూపాయలు, తెరుచుకోకపోతే తగాదా.

మా కార్ఖానా ఎరగనివాళ్ల కోసం ఒక ముక్క. జూబ్లీ బస్ స్టేషన్ దాటి తిరుమలగిరి వైపు వెళ్తుంటే తగులుతుంది. కంటోన్మెంట్ ఇలాకా. రిటైరైన సుబేదార్లు, కల్నల్ సార్లు, విక్రంపురిలో పిల్లలు అమెరికా వెళ్లిపోయి ఒంటరిగా ఉండే అమ్మానాన్నలు, కాకాగూడ నుంచి ఎంసెట్ ర్యాంకు చూసుకోవడానికి గుంపుగా దిగే పిల్లలు, వీళ్లే అప్పటి నా కస్టమర్లు. ఒక్కరి నోటా బ్రౌజర్ అన్న మాట వినలేదు. "అన్నా, జర నెట్ పెట్టు" అనేవాళ్లు. అంటే ఆ నీలం రంగు 'ఈ' బొమ్మ మీద రెండుసార్లు నొక్కమని. వాళ్లకి ఇంటర్నెట్ అంటే ఆ బొమ్మే.

ఆ బొమ్మకు ముందు చరిత్ర కొంత ఉంది, తొందరగా చెప్పేస్తాను. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ 1990లో వెబ్‌ని, దాంతోపాటే మొదటి బ్రౌజర్నీ తయారుచేశాడు. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా అనే ఇద్దరు కుర్రాళ్లు మొజాయిక్ అనే బ్రౌజర్ తెచ్చారు. అక్షరాల పక్కనే బొమ్మ కనిపించడం మామూలు జనానికి అలవాటు చేసింది అదే. ఆండ్రీసెన్ మరుసటి ఏడాదికల్లా నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ పెట్టాడు. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ వాళ్లు 1995 ఆగస్టు 15న నాలుగు మహానగరాల్లో జనానికి ఇంటర్నెట్ ఇచ్చారు. విద్యార్థుల చవక కనెక్షన్‌లో బొమ్మలు ఉండేవి కావు. నల్ల తెర మీద లింక్స్ అనే బ్రౌజర్, ఒట్టి అక్షరాలు. బాణం మీటలతో కిందకీ పైకీ పోవడమే. ఆ లింక్స్ ఇప్పటికీ బతికే ఉంది, పాపం దాన్ని ఎవరూ చంపలేదు.

నెట్‌స్కేప్ మా దగ్గరికి ఫోన్ లైను మీద రాలేదు, సీడీలో వచ్చింది. ఆ మోడెమ్ వేగానికి పది పదిహేను ఎంబీల సరుకు దించుకోవాలంటే రాత్రి పట్టేది, మధ్యలో ఎవరైనా ఫోను ఎత్తితే మళ్లీ మొదటికి. అందుకని పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మనందరికీ సీటీసీ, వెళ్లి కంప్యూటర్ పత్రికలు కొనేవాణ్ని. పత్రికతోపాటు సీడీ ఉచితం, అందులో కొత్త బ్రౌజర్లు. పత్రిక ఎవరు చదివారు? సీడీ కోసమే కొనడం.

నెట్‌స్కేప్ నాకు నచ్చేది. కానీ అప్పటికే దాని పని అయిపోయింది. మైక్రోసాఫ్ట్ వాళ్లు 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెచ్చి, ఆ తర్వాత విండోస్‌తోనే కలిపి ఇచ్చేశారు. ఊరికే వచ్చి ముందే కూర్చున్నదాన్ని వదిలి, సీటీసీ దాకా వెళ్లి ఇంకోటి తెచ్చుకునేదెవరు? అమెరికా ప్రభుత్వం 1998లో దీనిమీదే కోర్టుకెక్కింది. తీర్పు, అప్పీలు, రాజీ అన్నీ అయ్యేసరికి పోటీయే మిగల్లేదు. 2001లో ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. 2003 నాటికి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా వాడేది ఎక్స్‌ప్లోరరే. ఆ ఆరో నంబరు తర్వాత ఏడో నంబరు రావడానికి 2006 అక్టోబరు దాకా పట్టింది. పోటీ లేకపోతే ఐదేళ్లు నిద్రపోవచ్చని అప్పుడు తెలిసింది.

ఎక్స్‌ప్లోరర్ 6ని ఇవాళ అందరూ తిడతారు. నేను పూర్తిగా తిట్టను. ఆ బొమ్మ మీదే నా సెంటర్ అద్దె కట్టాను. కాకపోతే అది ఒక ఇంట్లో ఒక మనిషి వాడుకోవడానికి చేసింది, పదిమంది కూర్చుని లేచే కుర్చీకి కాదు. ఏదైనా ఫారంలో పేరు రాసే గడిలో 'ఎస్' అని ఒక్క అక్షరం కొట్టండి, అంతకుముందు ఆ కంప్యూటర్ మీద కూర్చున్న శ్రీనివాసులు, సురేశ్‌లు, సరితలు వరసగా కిందకి వేలాడేవాళ్లు. ఎవరి పక్కన ఎవరి పేరుందో చూసి కథలు అల్లుకున్న కుర్రాళ్లు కూడా ఉన్నారు. మెయిల్ తెరిచి, మూసెయ్యకుండా పరదా తీసుకుని వెళ్లిపోయేవాళ్లు ఉండేవాళ్లు. తర్వాత వచ్చినవాడికి వీళ్ల ఇన్‌బాక్స్ స్వాగతం చెప్పేది. చరిత్ర చెరిపేసే మీట ఎక్కడుందో మా సెంటర్లో పనిచేసే కుర్రాడికి నిద్రలో లేపినా తెలుసు.

ఇక తెలుగు సంగతి. నాకు బ్రౌజర్ల మీద గట్టి అభిప్రాయం ఏర్పడింది ఇక్కడే.

మా వీధిలో ఒక పెద్దాయన, రైల్వేలో చేసి రిటైరయ్యారు. కొడుకు అమెరికాలో. రోజూ పొద్దున్నే వచ్చి యాహూ మెసెంజర్‌లో కొడుకుతో మాట్లాడి వెళ్లేవారు. ఒకరోజు నన్ను పిలిచి, "చూడు బాబూ, తెలుగు పేపరు ఇక్కడ బ్రహ్మాండంగా వస్తోంది కదా, మావాడికి అక్కడ ఇంగ్లీషు పిచ్చిరాతలు వస్తున్నాయట, ఏం చెయ్యాలో చెప్పు" అన్నారు. అమెరికాలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకి కార్ఖానా నెట్ సెంటర్ వాడు దారి చూపించాల్సి వచ్చింది!

కారణం ఇదీ. అన్ని లిపులకూ అక్షరానికో నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ మన పత్రికలు వెబ్‌లోకి వచ్చినప్పుడు ఆ దారిన రాలేదు. అచ్చుకు వాడుకునే సొంత ఫాంట్లతోనే దిగాయి, పత్రికకో ఫాంటు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్న ఫాంట్లు అవి. తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట. ఎక్స్‌ప్లోరర్‌లో ఒక సదుపాయం ఉండేది, పేజీతోపాటే ఆ ఫాంటునీ దించుకుని చూపించేది. ఆ రకం ఫాంటు మిగతా బ్రౌజర్లకు పట్టేది కాదు. కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే శుభ్రమైన తెలుగు, ఇంకోదాంట్లో చూస్తే గోలగోల. ఇంకా పెద్ద నష్టం ఏమిటంటే, కంప్యూటర్ దృష్టిలో ఆ పేజీలో తెలుగే లేదు. గూగుల్‌లో తెలుగులో వెతికితే ఆ పేపర్లలో ఒక్క వార్తా దొరికేది కాదు. ఏళ్ల తరబడి రోజూ పేజీలకు పేజీలు తెలుగు రాస్తూ, వెతికేవాడికి మాత్రం మనం లేనట్టే ఉన్నాం.

దీనికి విరుగుడు ఫైర్‌ఫాక్స్ వైపు నుంచి వచ్చింది. నెట్‌స్కేప్ పోతూ పోతూ 1998లో తన కోడ్‌ని జనానికి ఇచ్చేసింది. ఆ విత్తనం మొలిచి 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ ఒకటో వెర్షన్ అయింది. దాని గొప్ప ఏమిటంటే ఎవరికి కావలసిన హంగు వాళ్లు రాసి దానికి తగిలించుకోవచ్చు. వెన్న నాగార్జున అనే ఆయన, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టినాయన, 'పద్మ' అనే పొడిగింపు రాశారు. ఫైర్‌ఫాక్స్‌కి దాన్ని తగిలిస్తే పత్రికల సొంత ఫాంట్ల రాతని అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. అమెరికా కుర్రాడికి ఫోన్లో అదే చెప్పాను. మర్నాడు పెద్దాయన మొహం చూడాలి, ఆయనే కనిపెట్టినంత సంబరం.

అంతటితో కష్టాలు తీరిపోయాయి అనుకునేరు. అప్పటి విండోస్ ఎక్స్‌పీలో యూనికోడ్ తెలుగు సరిగా కనపడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో భాషల గడి తెరిచి, సంక్లిష్ట లిపుల దగ్గర టిక్కు పెట్టాలి. పెట్టగానే ఎక్స్‌పీ సీడీ అడిగేది. ఆ సీడీ కంప్యూటర్ అమ్మినవాడి దగ్గరే ఉండిపోయేది! నేను ఒకటి సంపాదించి అరఅరకీ తిప్పాను. అది వెయ్యకపోతే 'అమ్మ' అన్న మాటలో 'మ'కి పొల్లు పెట్టి, పక్కన ఇంకో 'మ' కూర్చునేది. వేశాక గౌతమి ఫాంటుతో అచ్చు తెలుగు. ఆ తర్వాత తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు, తెలుగు టైపు చెయ్యడానికి వీవెన్ గారి లేఖిని. ఆర్మీ స్కూల్లో చదివే మా ఏరియా పిల్లలు కూడా ఇంగ్లీషు మీటలు కొట్టి తెలుగులో పేర్లు రాసుకుని చూసి నవ్వుకునేవాళ్లు.

ఫైర్‌ఫాక్స్‌ని పొగుడుతున్నానని దాని తప్పులు దాచను. రెండో వెర్షన్‌లో ఒక తెగులు ఉండేది. పేరాకి రెండు వైపులా అంచులు సమంగా సర్దిన పేజీ అయితే తెలుగు ఒత్తులన్నీ విడిపోయేవి. ఎడమ అంచు ఒక్కటే సర్దితే బానే ఉండేది. వెబ్‌సైటు కట్టేవాళ్లకి అందం కోసం రెండు అంచులూ సర్దడం సరదా, చదివేవాళ్లకి ప్రాణసంకటం. 2008 జూన్‌లో మూడో వెర్షన్ వచ్చాక అది బాగుపడింది. మొదటి రోజే ఎనభై లక్షల మందికి పైగా దించుకుని గిన్నిస్ రికార్డు చేశారని పేపర్లలో రాశారు. నాకు రికార్డు సంగతి అక్కర్లేదు, ఒత్తులు అతుక్కున్నాయి, చాలు.

ఇంతలో జనం పరదాలు వదిలి ఫోన్లలోకి వెళ్లడం మొదలైంది. నా గిరాకీ అక్కడే పడిపోయింది, అయినా చెప్పక తప్పదు, నేను చూసినవాటిలో తెలివైన బ్రౌజర్ ఒపెరా మినీ. చిన్న మీటల నోకియా ఫోన్లో పేజీని నేరుగా తెరిచేది కాదు. ఒపెరా వాళ్ల కంప్యూటర్లు ముందు దాన్ని తెరిచి, పిండి, ఆరబెట్టి, పదోవంతు బరువుతో ఫోనుకి పంపేవి. ఆ ఫోన్లలో తెలుగు ఫాంటే లేదు. దానికీ ఒక చిట్కా ఉంది. చిరునామా రాసే చోట ఒపెరా, కోలన్, కాన్ఫిగ్ అని కొడితే ఒక రహస్య పేజీ వచ్చేది. అందులో సంక్లిష్ట లిపులకు బొమ్మ ఫాంట్లు వాడు అన్న చోట 'ఎస్' పెట్టాలి. అప్పుడు తెలుగంతా చిన్నచిన్న బొమ్మలుగా వచ్చి కనిపించేది. సెంట్రీ డ్యూటీ మీద ఉన్న ఒక తెలుగు జవానుకి ఇది పెట్టిచ్చాను. సినిమా వార్తలు చదువుకుంటూ, "అన్నా, నా ఫోన్ తెలుగు నేర్సుకుంది" అన్నాడు. తర్వాత అదే పద్ధతిలో యూసీ బ్రౌజర్ వచ్చి చవక ఫోన్లన్నింటినీ ఆక్రమించింది. 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో అదీ ఒకటి. నాకు బాధేం కలగలేదు. పక్కన పిల్లలుంటే దాని మొదటి పేజీ తెరవడం ఇబ్బందిగా ఉండేది.

క్రోమ్ దగ్గరికి వద్దాం. 2008 సెప్టెంబరు 2న వచ్చింది. దాని వెనక పనిచేసిన జట్టుని నడిపింది చెన్నైలో పెరిగిన సుందర్ పిచాయ్. ఉన్నమాట చెప్పాలి, క్రోమ్ మంచి సరుకు. ఒక ట్యాబ్ బిగుసుకుపోతే అదొక్కటే పోతుంది, మిగతావి నిలబడతాయి. అంతకుముందు ఒక పేజీ చస్తే మొత్తం బ్రౌజర్ కూలిపోయేది, సగం నింపిన ఫారం గంగలో కలిసేది. ర్యాంకు వచ్చిన పిల్లాడు కాలేజీల పేర్లు వరసపెట్టి ఎక్కిస్తుంటే, నూట ఇరవయ్యో ఆప్షన్ దగ్గర బ్రౌజర్ కూలితే ఆ తండ్రి చూసే చూపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. క్రోమ్ ఆ చూపుని తగ్గించింది. ఆనవాళ్లు మిగలని కిటికీ ఒకటి ఇచ్చింది, నెట్ సెంటర్‌కి అదొక వరం. ర్యామ్ మాత్రం బకాసురుడిలా తింటుంది. అయినా సరే.

నా పేచీ క్రోమ్ మంచిదా కాదా అని కాదు. బ్రౌజర్ లోపల ఇంజిన్ అని ఒకటి ఉంటుంది, పేజీని చదివి తెర మీద పేర్చేది. ఒపెరా 2013లో సొంత ఇంజిన్ మానేసి క్రోమ్ ఇంజిన్ తెచ్చుకుంది. మైక్రోసాఫ్ట్ కూడా అదే చేసింది. ఎవరి హయాంలోనో తెలుసుగా, మా కార్ఖానాకి కాస్త దూరంలో బేగంపేటలో ఉన్న హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల గారి హయాంలో. సొంత ఇంజిన్ పక్కనపెట్టి, క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం వాడతామని 2018 డిసెంబరులో ప్రకటించి, 2020 జనవరిలో కొత్త ఎడ్జ్ బ్రౌజర్ విడుదల చేశారు. 2022 జూన్ 15న పాత ఎక్స్‌ప్లోరర్‌కి సెలవు చెప్పారు. దక్షిణ కొరియాలో ఒక ఇంజినీరు దానికి సమాధిరాయి చేయించి నిలబెట్టాడు, వేరే బ్రౌజర్లు దించుకోవడానికి బాగా పనికొచ్చిందని దాని మీద చెక్కించి! మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం సొంత ఇంజిన్ వదలడం సరైన నిర్ణయమే అయ్యుంటుంది. నాకు మాత్రం ఒక ఇంజిన్ తగ్గింది.

ఇప్పుడు క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డీ అన్నింటి లోపలా ఒకటే ఇంజిన్. మా రోడ్డు మీద కర్రీ పాయింట్లలాగే, బోర్డులు వేరు, వంటశాల ఒకటే. విడిగా మిగిలింది యాపిల్ వాళ్ల సఫారీ, తర్వాత ఫైర్‌ఫాక్స్. ఆ ఫైర్‌ఫాక్స్‌కీ పెద్ద ఆదాయం గూగుల్ వెతుకులాటను ముందు పెట్టుకున్నందుకు గూగుల్ ఇచ్చే డబ్బే. ప్రపంచంలో మూడింట రెండు వంతుల మంది క్రోమ్ వాడుతున్నారు. అమెరికా కోర్టు గూగుల్‌ది వెతుకులాటలో గుత్తాధిపత్యమని 2024లో తేల్చింది. క్రోమ్‌ను అమ్మించాలన్న కోరికను మాత్రం 2025లో ఒప్పుకోలేదు.

దీంతో కార్ఖానాలో తేడా ఏమన్నా పడిందా అంటే, పడింది. దరఖాస్తు నింపే సైట్లలో అడుగున మళ్లీ ఆ పాత వాక్యం కనిపిస్తోంది. అప్పట్లో 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో బాగా కనిపిస్తుంది' అని ఉండేది. ఇప్పుడు 'క్రోమ్‌లో మాత్రమే తెరవండి' అని ఉంటోంది. కట్టినవాళ్లు ఒక్కదాంట్లోనే పరీక్షించి వదిలేశారన్నమాట. ఈ మధ్య ఒక సైటులో ఫీజు కట్టే మీట ఫైర్‌ఫాక్స్‌లో నొక్కితే ఉలకదు పలకదు. ఏ సైటో చెప్పను, నింపాల్సిన దరఖాస్తులు నాకింకా చాలా ఉన్నాయి.

మన దేశం బ్రౌజర్ అన్న మాటా వింటున్నాం. 2010లో బెంగళూరు నుంచి ఎపిక్ వచ్చింది, తెలుగుతో సహా మన భాషల్లో రాసుకునే వీలుతో. అప్పుడు అది ఫైర్‌ఫాక్స్ మీద కట్టింది, 2013లో క్రోమియం మీదికి మారింది. 2023లో కేంద్ర ప్రభుత్వం స్వదేశీ బ్రౌజర్ పోటీ పెట్టింది, 2025 మార్చిలో జోహో వాళ్లకి మొదటి బహుమతి కోటి రూపాయలు ఇచ్చింది. జోహో వాళ్ల ఉలా కూడా క్రోమియం మీద కట్టినదే. బహుమతి ఇవ్వొద్దనను. ఇంజిన్ రాయడం కోటి రూపాయల పని కాదు, వందల మంది ఏళ్లకేళ్లు కూర్చోవాల్సిన పని. ఆ ముక్క కూడా బహుమతి సభలో చెప్తే బాగుండేది.

ఒకటే ఇంజిన్ అయితే తెలుగుకి నష్టమా అని మీరడగొచ్చు. ఇవాళ్టికి లేదు. క్రోమ్‌లో తెలుగు ముత్యాల్లా వస్తుంది. కానీ తెలుగు లాంటి లిపిని చూసుకునేవాళ్లు ఆ కంపెనీల్లో తక్కువ. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. జ్ఞానంలో 'జ్ఞా' ఉంది చూడండి, దాని మధ్యలో కంటికి కనపడని విడదీసే గుర్తు ఒకటి పెట్టి పంపిస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. ఒక్క తెలుగు అక్షరం! యాపిల్ వాళ్లు హడావిడిగా మరమ్మతు చేసి పంపించారు. లోపం ఒకచోటే ఉంటే ఇంకోచోట తప్పించుకోవచ్చు. అందరిదీ ఒకటే ఇంజిన్ అయితే తప్పించుకునే చోటు ఏది? పద్మ లాంటిది పుట్టింది కూడా ఎక్స్‌ప్లోరర్‌ కాని ఇంకొకటి అంటూ ఉండబట్టే. అందుకే మా సెంటర్లో ప్రతి కంప్యూటర్‌లోనూ ఫైర్‌ఫాక్స్ ఉంటుంది. మా కుర్రాడు తీసేద్దామంటాడు, "ఎవ్వరు వాడ్తలేరు కదా అన్నా" అని. ఉండనీయరా, దానికేం తిండి పెడుతున్నావా అంటాను.

ఇక నేను వాడే ఏ బ్రౌజరూ తనంతట తాను తీర్చని కోరిక ఒకటి ఉంది. తెలుగు వికీపీడియాలో 'తెలుగు' అన్న పేజీ తెరవండి. పైన చిరునామాలో తెలుగు అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. ఆ చిరునామాని కాపీ చేసి మీ అత్తయ్యకి వాట్సాప్‌లో పంపండి. ఆ మూడక్షరాలూ శాతం గుర్తులు, ఈ సున్నాలు, బీ సున్నాలుగా మారి 54 గుర్తుల గొలుసై వెళ్తాయి. క్రోమ్‌లోనూ అంతే, పనిగట్టుకుని సెట్టింగు మార్చుకోకపోతే ఫైర్‌ఫాక్స్‌లోనూ అంతే. అత్తయ్య దాన్ని చూసి, "బాబూ, ఇది వైరస్ కాదు గదా" అని నాకు ఫోన్ చేస్తుంది. తెలుగు చిరునామాని తెలుగులోనే పంపించే బ్రౌజర్ ఎవరు తెచ్చినా, దాన్ని మా సెంటర్లో అన్ని కంప్యూటర్లలోనూ వేస్తాను. రెండోదాన్ని మాత్రం అప్పుడూ తీసెయ్యను.